నాలుగో గంటలో తెలిసే పరిమళం



మనలో చాలామంది మగవాళ్ళు సెంటు కొనే పద్ధతి ఒకేలా ఉంటుంది. షాపులోకి వెళ్తాం. అమ్మే కుర్రవాడు కాగితం ముక్క మీద కాస్త కొట్టి ముక్కు దగ్గర పెడతాడు. ఒకసారి పీల్చి, బాగుందనో బాగాలేదనో తేల్చేసి, బిల్లు కట్టి బయటికి వస్తాం. ఇవాళ వస్తున్న సెంట్లకు ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. వాటిలో ఎక్కువభాగం ఆ మొదటి రెండు నిమిషాల్లోనే కొనేవాణ్ణి మెప్పించాలని కూర్చినవే. పాతకాలపు మగవాళ్ళ సెంట్ల సంగతి వేరు. పొద్దున గడ్డం గీసుకున్న వేళ ఒకలాగా, పదకొండు గంటలకు పనిలో ఉన్నప్పుడు మరోలాగా, సాయంత్రం చొక్కా విప్పి తగిలించేటప్పుడు ఇంకోలాగా పరిమళించాలని వాటిని తయారుచేశారు. అలాంటి సెంటును మొదటి నిమిషం చూసి కొనకూడదు, నాలుగో గంట చూసి కొనాలి. ఇవాళ్టి నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

పాతకాలపు సెంటు అని దేన్ని అంటున్నానో ముందు చెప్పాలి. 1880ల నుంచి 1980ల దాకా, దాదాపు నూరేళ్ళపాటు, ఫ్రాన్సులో, ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో రూపుదిద్దుకున్న మగవాళ్ళ పరిమళాలు ఇవి. పాతవి అన్నంత మాత్రాన ఆగిపోయినవి కావు. వాటిలో చాలావరకు నేటికీ తయారవుతున్నాయి, కొన్ని మన ఊరి ఫ్యాన్సీ షాపుల్లోనే దొరుకుతాయి. సెలూన్‌లో గడ్డం గీసి, పటిక రుద్ది, చివర్లో చెంపల మీద చరిచే ఆఫ్టర్ షేవ్ మీకు తెలుసు కదా. చర్మం చురుక్కుమన్న వెంటనే తేలివచ్చే ఆ శుభ్రమైన వాసనకు నూట నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

ఆ చరిత్ర ఒక రసాయన శాస్త్రజ్ఞుడి దగ్గర మొదలవుతుంది. విలియం హెన్రీ పెర్కిన్ అనే ఆంగ్లేయుడు 1856లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఊదారంగు అద్దకపు రంగును ప్రయోగశాలలో తయారుచేసి ప్రపంచమంతా పేరు పొందాడు. ఆయనే 1868లో కూమరిన్ అనే పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. కూమరిన్ దక్షిణ అమెరికాలో కాసే టోంకా గింజల్లో సహజంగా ఉంటుంది. దాని వాసన మన పల్లెటూరి వాళ్ళకు కొత్తదేం కాదు. గడ్డి కోసి ఒక రోజు ఎండనిచ్చాక వచ్చే తియ్యటి కమ్మటి వాసన ఉంటుందే, అది చాలావరకు కూమరిన్ వాసనే. అంతవరకు ఖరీదైన గింజల నుంచి తీయవలసినది ప్రయోగశాలలో తయారయ్యేసరికి, సుగంధకారులకు కొత్త దారి దొరికింది.

1882లో పారిస్‌లోని హూబిగాన్ సంస్థ కోసం పాల్ పార్కే అనే సుగంధకారుడు ఆ దారిలో నడిచాడు. పైన లావెండర్, మధ్యలో జెరేనియం, అడుగున ఓక్‌మాస్, దానికి తోడుగా ఈ కూమరిన్. ఓక్‌మాస్ అంటే ఓక్ చెట్ల కొమ్మల మీద పెరిగే బూడిదాకుపచ్చ లైకెన్. తడిసిన అడవి నేల వాసన దానిది. ఈ కూర్పుకు ఆయన 'ఫూజేర్ రోయల్' అని పేరు పెట్టాడు, రాజఠీవి గల ఫెర్న్ మొక్క అని అర్థం. ఫెర్న్ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. వాసన లేని మొక్కకు వాసనంటూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించి తయారుచేశాడన్నమాట. అప్పటిదాకా సెంటంటే ఫలానా పువ్వు, ఫలానా చెక్క. ఇక్కడ మొదటిసారి, ప్రకృతిలో ఎక్కడా లేని వాసనను మనిషి కట్టాడు. సుగంధకళలో ఆధునిక యుగం ఇక్కడే మొదలైందని చాలామంది అంటారు. నేనూ ఆ మాటే నమ్ముతాను.

ఈ కూర్పు సబ్బులకూ షేవింగ్ క్రీములకూ చక్కగా నప్పింది. అక్కడి నుంచి మంగలి దుకాణాల్లోకీ, మగవాళ్ళ స్నానాల గదుల్లోకీ వెళ్ళింది. క్రమంగా శుభ్రంగా గడ్డం గీసుకున్న మగవాడి వాసన అంటే ఇదే అన్న భావన స్థిరపడింది. 1964లో వచ్చిన బ్రూట్, ఆకుపచ్చ సీసా, మెడలో గొలుసుతో వేలాడే బిళ్ళ, ఈ వంశానిదే. 1973 నాటి పాకో రబాన్ పూర్ ఓమ్, 1978 నాటి అజారో, 1982 నాటి డ్రకార్ నువార్ కూడా ఈ వంశానివే. ఒక్కొక్కరు ఒక్కో దినుసు హెచ్చించారు, తగ్గించారు. కానీ లావెండర్, కూమరిన్, ఓక్‌మాస్ అనే మూడు కాళ్ళ మీదే అవన్నీ నిలబడ్డాయి.

ఇప్పుడు నాలుగో గంట సంగతి. సెంటులోని దినుసులన్నీ ఒకేసారి ఆవిరైపోవు. తేలికైన అణువులు ముందు ఎగిరిపోతాయి. నిమ్మ, బత్తాయి, బెర్గమాట్ వంటివి పది పదిహేను నిమిషాలకే సెలవు తీసుకుంటాయి. లావెండర్, జెరేనియం, సుగంధ ద్రవ్యాలు ఒకటి రెండు గంటలు ఉంటాయి. ఆ తర్వాత మిగిలేవి బరువైనవి: ఓక్‌మాస్, గంధపు చెక్క, వట్టివేరు, కూమరిన్, కస్తూరి వంటివి. ఇవే సాయంత్రం దాకా మీతో ఉంటాయి. మీ పక్కన కూర్చునేవాళ్ళకు, మీ బిడ్డను ఎత్తుకున్నప్పుడు ఆ బిడ్డకు తెలిసేది ఈ అడుగు వాసనే. షాపులో పీల్చిన నిమ్మ వాసన రోడ్డు దాటేసరికి పోతుంది. డబ్బు పెట్టి కొనేది అడుగు వాసనను అయినప్పుడు, దాన్ని చూడకుండా ఎలా కొంటాం?

ఈ నియమానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, అది కొలోన్. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరంలో 1709లో ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం మొదలుపెట్టిన వ్యాపారం నేటికీ నడుస్తోంది. బెర్గమాట్, నిమ్మ, నారింజ పూలు, రోజ్‌మేరీ వంటివి ఆల్కహాలులో కలిపిన తేలికపాటి నీళ్ళే కొలోన్. అదే ఊళ్ళో గ్లోకెన్‌గాసె వీధిలో పుట్టిన 4711 మనకు ఎక్కువగా కనిపించే కొలోన్. ఆ అంకె ఆ ఇంటి నంబరు. కొలోన్‌కు నాలుగో గంట ఉండదు. గంటన్నరకే అయిపోతుంది. దాన్ని లోపంగా చూడకూడదు. మళ్ళీ మళ్ళీ పోసుకోవడానికి తయారైనదది. మే నెలలో మధ్యాహ్నం స్నానం చేసి మెడ మీద, చేతుల మీద ధారాళంగా చల్లుకుంటే ఆ హాయి మరి దేనితోనూ రాదు. కానీ పొద్దున రాసుకుని సాయంత్రం దాకా ఉండాలని దాని దగ్గర ఆశించకండి.

ఈ చిక్కును విప్పినవాడు ఎడ్మండ్ రూద్నిత్‌స్కా. 1966లో దియోర్ కోసం ఆయన చేసిన 'ఓ సొవాజ్' కొలోన్ అంత తాజాగా మొదలై, దానికన్నా చాలాసేపు నిలుస్తుంది. అందులో హెడియోన్ అనే పదార్థం వాడాడు. మల్లెజాతి పూల సుగంధం మీద పరిశోధన చేస్తూ కనుక్కున్న అణువు ఇది. దానికి తనదంటూ గట్టి వాసన లేదు, పక్కనున్న దినుసుల మధ్య గాలి ఆడేట్టు చేస్తుంది. నిమ్మ, తులసి జాతి ఆకులు, రోజ్‌మేరీ, అడుగున వట్టివేరు, ఓక్‌మాస్. మగవాళ్ళ సెంట్లలో నేను నిండు మనసుతో గొప్పదని చెప్పగలిగిన రెండు మూడింటిలో ఇదొకటి. కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చూసుకోండి. 'సొవాజ్' అన్న ఒక్క మాటతో ఇటీవల వచ్చినది పూర్తిగా వేరే సెంటు. ఒకటి అడిగితే ఇంకొకటి చేతికిచ్చే షాపులు ఉన్నాయి.

సుగంధ ద్రవ్యాల వంశం మరొకటి. మనకు ఇందులో అన్నిటికన్నా బాగా తెలిసినది ఓల్డ్ స్పైస్. అమెరికాలో షుల్టన్ కంపెనీ 1937లో మొదట ఆడవాళ్ళ కోసం, మరుసటి ఏడు మగవాళ్ళ కోసం తెచ్చింది. సీసా మీద తెరచాప ఓడ. లవంగం, దాల్చినచెక్క, కార్నేషన్ పువ్వు, వెనీలా. వాసన చూడగానే మన వంటింటి పోపుల పెట్టెలో సగం దినుసులు పలకరిస్తాయి. అందుకే కాబోలు మన మగవాళ్ళు దాన్ని అంత తేలిగ్గా సొంతం చేసుకున్నారు. చవక కదా అని దాన్ని తక్కువ చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ధరకూ కూర్పులోని నేర్పుకూ సంబంధం లేదని ఓల్డ్ స్పైస్ ఎనభై ఏళ్ళకు పైగా నిరూపిస్తూ వచ్చింది. డిసెంబరు, జనవరి చలిలో అది చాలా బాగుంటుంది. రోహిణీకార్తెలో మాత్రం ఆ లవంగం, వెనీలా చెమటతో కలిసి బరువెక్కుతాయి.

తోలు, పొగాకు, ఓక్‌మాస్ ప్రధానంగా ఉండే వంశం గురించి ఎక్కువసేపు చెప్పను. 1917లో ఫ్రాన్స్వా కోటీ చేసిన 'షీప్ర' దానికి ఆద్యం. 1955 నాటి షనెల్ పూర్ మొస్యూ అందులో అతి మర్యాదగల శాఖ. ఆ వంశపు బరువైన సెంట్లు చల్లటి దేశాల ఉన్ని కోట్లకు నప్పుతాయి. లండన్‌లో ఉన్న మన పిల్లలు వాడుకోవచ్చు. విజయవాడ ఎండలో, కరీంనగర్ ఎండలో వద్దు.

ఇక వట్టివేరు. దీని దగ్గర కాస్త ఆగాలి. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లే ఇళ్ళు మన దగ్గర ఉండేవి. తాగే నీళ్ళకుండలో నాలుగు వేళ్ళు వేసే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ గడ్డి వేళ్ళ నుంచే ఆవిరి పట్టి తైలం తీస్తారు. పారిస్ సుగంధకారులు వెటివేర్ అని పిలిచేది దీన్నే. హైతీ దేశం ఇవాళ ఈ తైలానికి ప్రధాన ఆధారం. అక్కడి తైలం శుభ్రంగా, కాస్త తేటగా ఉంటుంది. జావా తైలంలో పొగ వాసన ఎక్కువ. మన ఉత్తరాదిలో అడవి వట్టివేళ్ళ నుంచి రాగి పాత్రల్లో తీసే తైలాన్ని రూహ్ ఖస్ అంటారు. దాని రంగే ఆకుపచ్చ, వాసన లోతు చెప్పనలవి కాదు.

1957లో కార్వెన్ సంస్థ, ఆ దగ్గరి సంవత్సరాల్లోనే జివాన్షీ, గెర్లాన్ సంస్థలు వట్టివేరు పేరుతోనే మగవాళ్ళ సెంట్లు తెచ్చాయి. గెర్లాన్ వారిది ఆ ఇంటి కుర్రవాడు జాన్ పాల్ గెర్లాన్ తన ఇరవయ్యో పడిలో చేశాడు. పైన నిమ్మజాతి పళ్ళు, మధ్యలో జాజికాయ, మిరియం, అడుగున వట్టివేరుతోపాటు పొగాకు. ఇందులో ఒక విశేషం ఉంది. వట్టివేరు మొదటి నిమిషంలోనూ ఉంటుంది, నాలుగో గంటలోనూ ఉంటుంది. మొదట్లో మట్టి వాసనతో కొంచెం చేదుగా అనిపించి, పోనుపోను ఎండిన చెక్కలా మృదువుగా మారుతుంది. చెమట దాన్ని పాడుచేయదు. చెమటకూ మట్టికీ ఉన్న చుట్టరికమో ఏమో, రెండూ కలిసిపోతాయి. ఎండదేశంలో పుట్టిన వేరు కనుక ఎండను తట్టుకుంటుందని శాస్త్రం చెప్పకపోవచ్చు, నా ముక్కు మాత్రం అదే చెబుతోంది.

ఈ సీసాల మీద పేర్లు ఫ్రెంచివే అయినా లోపలి సరుకులో మన వాటా చాలా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళే శాలువలకు పురుగు పట్టకుండా మడతల్లో పచౌలి ఆకులు పెట్టేవారు. శాలువతోపాటు ఆ వాసన కూడా అక్కడ ఫ్యాషనైంది. పాత సెంట్ల అడుగున మైసూరు గంధపు నూనె ఉండేది. ఇక్కడ ఒక చిన్న మాట చెప్పాలి. మన శేషాచలం అడవుల ఎర్రచందనానికి పరిమళం లేదు. గంధపు చెట్టు వేరు, ఎర్రచందనం చెట్టు వేరు. ఎర్రచందనం సెంటు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. 1889లో ఎమె గెర్లాన్ చేసిన 'జికీ'లో పునుగు ఉండేది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు అద్దే పునుగు తైలం ఎరిగిన మనకు, ఆ దినుసు పేరు వింటేనే భక్తి కలుగుతుంది. ఇప్పుడు ఐరోపా సెంట్లలో వాడేది ఎక్కువగా ప్రయోగశాలలో చేసినదే.

మగవాళ్ళు పరిమళాలు పూసుకోవడం మనకు కొత్త కాదని చెప్పడానికి ఒక్క పేరు చాలు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయ్య సెట్టికి. కర్పూరం, కస్తూరి, పునుగు వంటివి దేశదేశాల నుంచి తెప్పించిన వర్తకుడాయన. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు పరిమళ ద్రవ్యాలు సమకూర్చింది ఆయనే. ఆ రాజుకు కర్పూర వసంతరాయలన్న బిరుదు ఆ ఉత్సవాల వల్లే వచ్చింది.

సరే, వంశాలు తెలిశాయి. ఇప్పుడు కొనేవాడికి ఎదురయ్యే పెద్ద ప్రశ్న ఒకటుంది. పాత సెంటు పాతకాలంలో ఉన్నట్టే ఇప్పుడూ ఉందా? లేదు. ఈ మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఓక్‌మాస్‌లో ఉండే ఆట్రనాల్, క్లోరోఆట్రనాల్ అనే రెండు పదార్థాలు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తాయి. ఐరోపా సమాఖ్య 2017లో నియమం చేసి వాటిని నిషేధించింది. ఇప్పుడు వాడే ఓక్‌మాస్ ఆ రెండింటినీ తీసేసినది, లేదా దానికి బదులు ఇంకేదో. మస్క్ ఆంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి నరాలకు హాని చేస్తుందని తేలి, వాడుకలోంచి పోయింది. లిలియాల్ అనే పూల వాసన పదార్థం 2022 మార్చి నుంచి ఐరోపాలో లేదు. మైసూరు గంధం నరికివేతతో తరిగిపోయి, ధర ఆకాశాన్నంటింది. పాతదానిలోని అడుగు వాసన కొన్ని సెంట్లలో పలచబడింది, కొన్నింటిలో నేర్పుగా నిలబెట్టారు. అందువల్ల పెద్దాయన ఎవరో నలభై ఏళ్ళ కిందట గొప్పగా ఉండేదని చెప్పారని కళ్ళు మూసుకుని కొనకండి. ఇవాళ తయారవుతున్న సీసాను ఇవాళే పరీక్షించండి.

దీనికి విరుగుడుగా కొందరు పాత సీసాలే వెతికి కొంటున్నారు. నేను దాన్ని ప్రోత్సహించను. వేడి, వెలుతురు, గాలి తగిలిన సెంటులో పైనున్న నిమ్మజాతి వాసనలు ముందు చెడతాయి. పాత సీసా ఏ కిటికీ పక్కన ఎన్నేళ్ళు ఉందో ఎవరికి తెలుసు? పాతదాని పేరుతో నకిలీలూ తిరుగుతున్నాయి. పాత కూర్పులను కాపాడే పని వేరే ఉంది, దానికి తగిన చోటూ ఉంది. ఫ్రాన్సులో వెర్సాయ్ నగరంలో 1990లో జాన్ కెర్లెయో నడుం కట్టి ఓస్మోతెక్ అనే పరిమళాల భాండాగారం నెలకొల్పాడు. అక్కడ సెంట్లను వెలుతురు సోకకుండా, 12 డిగ్రీల చల్లదనంలో, గాలి బదులు ఆర్గాన్ వాయువు నింపి దాస్తారు. ఫూజేర్ రోయల్ అసలు కూర్పును కూడా వారు తిరిగి తయారుచేసుకున్నారు. చరిత్రను అక్కడ వెతుక్కుందాం. మన ఒంటికి రాసుకునేది తాజాదై ఉండాలి.

పరీక్షించడం ఎలాగో చెబుతాను. ఒక పూటకు రెండే సెంట్లు. మూడోదాన్ని ముక్కు సరిగ్గా పట్టదు. ముందు కాగితం మీద చూసి అసలు నచ్చనివి పక్కన పెట్టేయండి. మిగిలిన రెండింటినీ చెరో మణికట్టు మీద ఒక్కొక్కసారి కొట్టించుకోండి. మణికట్లు ఒకదానికొకటి రుద్దకండి, రెండూ కలిసి దేని గుణమూ తెలియకుండా పోతుంది. అప్పటికే ఒంటి మీద వేరే సెంటు, పౌడరు ఉండకూడదు. కొట్టించుకుని, షాపు నుంచి బయటికి వచ్చేయండి. ఏమీ కొనకుండా వెళ్తున్నామే అన్న మొహమాటం వద్దు, రేపు వస్తామని చెప్పండి. ఎండలో నడవండి, బస్సెక్కండి, మీ పని చేసుకోండి. ఏసీలో ఒకలా ఉన్నది ఎండలో ఇంకోలా ఉంటుంది. మనం బతికేది రెండింటిలోనూ కదా. గంటకోసారి మణికట్టు చూసుకోండి. నాలుగు గంటలయ్యాక ఇంట్లో వాళ్ళకు ఏ చెయ్యి ఏ సెంటో చెప్పకుండా చూపించండి. మీ ముక్కు అప్పటికి అలవాటుపడి ఉంటుంది, వాళ్ళది తాజాగా ఉంటుంది. ఆ మాటకు విలువివ్వండి.

గల్ఫ్ దేశాల నుంచి వచ్చిపోయేవాళ్ళకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. విమానాశ్రయంలో సెంట్ల షాపులన్నింటిలోనూ పరీక్షించుకునే సీసాలు పెట్టి ఉంటాయి. విమానం ఎక్కేముందు మణికట్టు మీద కొట్టుకుని, ఊరికి చేరేదాకా దాన్ని గమనించండి. నచ్చితే తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు, లేదా తర్వాత వచ్చే స్నేహితుడితో తెప్పించుకోవచ్చు. బంధువులకు పంచడానికి హడావిడిగా ఐదారు సీసాలు కొనేకన్నా ఇది మేలు.

రోడ్డు పక్కన ఫస్ట్ కాపీ పేరుతో అమ్మే సెంట్ల జోలికి మాత్రం పోకండి. లోపల ఏ ఆల్కహాలు, ఏ రసాయనం ఉందో ఎవరూ పూచీ ఇవ్వరు. అప్పుడే గడ్డం గీసుకున్న చెంపల మీద రాసుకునే వస్తువది. డబ్బు తక్కువుంటే ఖరీదైనదాని నకిలీ బదులు, చవకైనదాని అసలు కొనండి. యార్డ్లీ లావెండర్, ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్ షేవ్, బ్రూట్, 4711, ఇవన్నీ కలిపినా ఒక పెద్ద కంపెనీ సెంటు ఖరీదులో చిన్న భాగమే. వీటితో ఓనమాలు దిద్దుకున్నవాడికి తనకు లావెండర్ పడుతుందో, లవంగం పడుతుందో, నిమ్మ పడుతుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఖరీదైనది ఎంచుకోవడం సులువు.

ఆల్కహాలు వద్దనుకునేవాళ్ళకు అత్తరు ఉంది. హైదరాబాదు చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో పాత ఖాతాదారులు ఎండాకాలం ఖస్, గులాబీ, మట్టి అత్తరు అడుగుతారు, చలికాలం హీనా, షమామా అడుగుతారు. ఏ కాలానికి ఏ వాసనో వాళ్ళకు తాతల నుంచి తెలుసు. ఫ్రెంచి సెంటు కొనేటప్పుడు కూడా మనం నేర్చుకోవలసినది ఆ వివేకమే.

కుర్రవాళ్ళలో కొందరు ఈ సెంట్లను తాతగారి వాసన అంటారు. ఆ తాతగారు దాన్ని మొదట కొన్ననాడు పాతికేళ్ళవాడు. 1982లో డ్రకార్ నువార్ వెనక పడింది కాలేజీ కుర్రాళ్ళే. వాసనకు వయసు ఉండదు, వాడకానికి మాత్రం మర్యాద ఉంటుంది. చేయి చాచినంత దూరంలో ఉన్నవాళ్ళకు తెలిస్తే చాలు. ఛాతీ మీద చొక్కా లోపల ఒకసారి, మెడ వెనక ఒకసారి. అంతకు మించితే బస్సులో పక్కవాళ్ళు ఇబ్బంది పడతారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకు ఘాటు వాసన నిజంగా బాధ. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అసలే వద్దు. తెల్ల చొక్కా మీద, పట్టు పంచె మీద నేరుగా కొట్టకండి, మరకలు పడతాయి.

ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పమంటే నా తీర్పు ఇది. మన ఎండలకు, సంవత్సరంలో ఎనిమిది తొమ్మిది నెలలకు, మొదట వట్టివేరు చూడండి. అది పడకపోతే ఓ సొవాజ్ వంటి నిమ్మజాతి సెంటు. ఆఫీసుకు, పెళ్ళిళ్ళకు, లావెండర్ కూమరిన్ల ఫూజేర్ వంశంలోంచి ఒకటి. చలికాలం రెండు నెలలకు లవంగం, దాల్చినచెక్క. ఈ నాలుగూ ఒకేసారి కొనక్కర్లేదు.

సీసాను స్నానాల గదిలో పెట్టకండి, బైకు డిక్కీలోనూ కారులోనూ అసలు ఉంచకండి. దాని అట్టపెట్టెలోనే పెట్టి బట్టల బీరువాలో అడుగు అరలో దాచండి. సాధారణంగా ఒక్కసారి నొక్కితే సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుంది. అంటే 50 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 500 సార్లకు సరిపడా ఉంటుంది. రోజుకు రెండుసార్లు చొప్పున ఎనిమిది నెలలు వస్తుంది. మన వేడికి పెద్ద సీసా అయిపోయేలోగా అడుగుది పాడయ్యే అవకాశం ఉంది. కాబట్టి ఎంత తగ్గింపు ఇస్తామన్నా 100 మిల్లీలీటర్లది తీసుకోకండి, చిన్న సీసానే కొనండి.